పదకొండు నిమిషాల ఏడుపు

ఊళ్ళో చాలామంది నన్ను మంచివాడినే అనుకుంటారు. అనుకోనివ్వండి. ప్రత్తిపాడులో ఇరవై రెండేళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళికైనా, ఓణీల ఫంక్షనుకైనా, బాప్తిస్మానికైనా వీరాంజనేయులే రావాలంటారు. నాకు కోపం ఎక్కువ, నోరు పెద్దది, ఆ సంగతీ అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే ఉంది. అది చెప్పాలంటే ముందు సంతోషమ్మ గురించి చెప్పాలి.

అసలు పేరు సంతోషకుమారి. మిరపకాయల తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరడం ఆవిడ పని. మాఘం నుంచి కల్లాల్లో, ఎండలు ముదిరాక కోల్డ్ స్టోరేజీల్లో. భర్త మరియదాసు మార్టూరు వైపు రాళ్ళ పాలిషింగు పనికి వెళ్ళి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని వచ్చాడు. రెండేళ్ళు దగ్గి దగ్గి పోయాడు. కూతురు స్తుతిని ఒంటిచేత్తో పెంచి, టీచరు ట్రైనింగు చదివించి, నరసరావుపేటలో ఇచ్చింది. నేను ఆవిడను ‘నువ్వు’ అనే పిలిచేవాడిని. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. హైదరాబాదు నుంచి పాతికేళ్ళ కుర్రాడు ఫోన్ చేస్తే ‘మీరు’ అంటాను. ఇలాంటివి ఇప్పుడు తడుతున్నాయి గానీ, అప్పుడు తట్టలేదు.

ఇంకో విషయంలోనూ ఆవిడకు పేరుంది ఊళ్ళో. ఎవరింట్లో ఎవరు పోయినా, ఏ బజారైనా, సంతోషమ్మ వచ్చి ఏడిస్తేనే చావిల్లు చావిల్లులా అనిపించేది. పైసా తీసుకునేది కాదు, కాఫీ నీళ్ళు కూడా ముట్టేది కాదు. వచ్చి, శవం కాళ్ళ దగ్గర కూర్చుని, రాగం తీసి పోయినవాళ్ళ బతుకంతా చెప్పేది. మంచీ చెడూ రెండూ చెప్పేది. పెద్దరైతు వెంకటనారాయణగారు పోయినప్పుడు, “నా కూతురికి జొరమొస్తే కారిచ్చి పంపావయ్యో” అని ఏడిచి, ఆ వెంటనే, “పక్కోడి గట్టు మూడుసార్లు జరిపావయ్యో, ఇప్పుడు ఆరడుగులకి వచ్చావయ్యో” అని కూడా ఏడిచింది. కొడుకులు తల ఎత్తలేదు. పెద్దకర్మ కాకముందే గట్టు వెనక్కి జరిగింది. ఆవిడ ఏడుపులో అబద్ధం ఉండదని ఊరి నమ్మకం. మా అమ్మ సుబ్బరావమ్మ అయితే పెరటి గోడ మీద నుంచి కేకేసేది. “ఒసే సంతోషం, నేను పోతే నాలుగు ముక్కలు ఎక్కువ ఏడువు, నా కోడలికి ఏడుపు చేతకాదు!”

“ఏడుస్తాలే అమ్మగారూ, మీరు ముందు ఆ గోంగూర పచ్చడి పెట్టండి” అనేది ఈవిడ.

సంతోషమ్మ పక్కన కల్లంలో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి సర్దార్‌బీ. మసీదు బజారు. ఇద్దరిదీ ఒకే మిరపరాశి, ఒకే గోనెపట్టా. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని ఒకటే కబుర్లు, ఒకటే కొట్లాటలు. వాళ్ళిద్దరి మధ్య ఒక మాట ఉంది. సర్దార్‌బీ వాళ్ళలో చనిపోయినవాళ్ళ దగ్గర గొంతెత్తి ఏడవకూడదని పెద్దలు అంటారు. సర్దార్‌బీకి అది నచ్చదు. “ముప్పై ఏళ్ళు మిరపఘాటుకి ఏడిచాను, నేను పోతే ఒక్కరూ ఏడవకపోతే ఎట్టాగే? నువ్వు రా. నువ్వు మాదాంట్లో దానివి కాదుగా, నిన్నెవడాపుతాడు?” అనేది. సంతోషమ్మ చేతిలో చెయ్యేసింది. నలుగురి ముందే వేసింది. ఊరంతా ఎరిగిన ఒప్పందం అది.

ఇక కరోనా. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, స్టూడియోకు తాళం. నాకు చేతులు ఊరుకోవు. అప్పుడే హైదరాబాదు నుంచి చైతన్యకృష్ణ అనే డైరెక్టరు ఫోన్ చేశాడు. ఐదు కథలు కలిపి ఒక సినిమా, పేరు ‘ఐదు గుమ్మాలు’. ఎవరూ ఇల్లు కదలకూడదు. ఎవరి ఊళ్ళో వాళ్ళే, వీడియో కాల్లో ఆయన చెబుతుంటే తీయాలి. ఒకటి కొత్తపట్నంలో పడవ దించలేని జాలరి కథ, ఒకటి మనది. మిగతావి ఎక్కడెక్కడివో. మన కథేమిటంటే, సిటీలో కొడుకు పోతాడు, శవాన్ని ఊళ్ళోకి రానివ్వరు, తల్లి ఫోన్లో చూసి ఏడుస్తుంది. “ఏడ్చేవాళ్ళు సహజంగా ఉండాలి, అన్నా” అన్నాడు. నాకు సంతోషమ్మ తప్ప ఎవరు గుర్తొస్తారు?

కరోనా కట్టడికని సంతోషమ్మ వాళ్ళ పేటకు వెదురుబొంగులు అడ్డం కట్టారు అప్పటికి. మా ఆవిడ పాత ఫోన్ ఆ బొంగుల మీదుగా అందించి, దాన్ని డబ్బాకు ఆనించి పెట్టడం, నా బొమ్మ మీద వేలు నొక్కితే వీడియో కాల్ రావడం, ఈ రెండే నేర్పించాను. ఆవిడ తన ఇంట్లో, నేను స్టూడియోలో కంప్యూటరు ముందు, డైరెక్టరు హైదరాబాదులో. తెర మీద మూడు గళ్ళు. నేను రికార్డు బటన్ నొక్కేవాడిని.

మూడు రోజులు తీశాం. గాడిద గుడ్డు. ఒక్క ముక్క పనికిరాలేదు.

“కొడుకు పేరు రాజు అమ్మా. ఊహించుకోండి” అన్నాడు చైతన్యకృష్ణ.

“ఏ రాజు బాబూ? బతికున్నోళ్ళ పేరు పెట్టి నేను ఏడవను. అరిష్టం.”

“బతికున్నవాడు కాదమ్మా, అసలు లేనివాడు.”

“లేనోడి గురించి ఏం చెప్పి ఏడిచేది? పోనీ, ఆ రాజుకి ఏ కూర ఇష్టమో చెప్పండి.”

ఆయనకు విసుగొచ్చింది. “ఏదో ఒకటి. వంకాయ.”

సంతోషమ్మ ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. “ఓ రాజో, వంకాయ కూర తినకుండా పోయావా నాయనో” అని ఎత్తుకుని, ఫక్కున నవ్వింది. “నా వల్ల కాదు బాబూ. వంకాయకి ఏడుపు రావడంలా.”

నాకు తల తీసేసినట్టయింది. డైరెక్టరు కాల్ పెట్టేసి, ఎల్లుండిలోగా రాకపోతే మన ఊరి కథ తీసేస్తానన్నాడు. ఊరి పేరు, నా పేరు తెర మీద పడతాయని అప్పటికే పదిమందికి చెప్పుకున్నాను. ఎక్కడ పెట్టుకోను ఈ తలకాయ? అది నా గోల. అదే సమయంలో సర్దార్‌బీకి జ్వరమొచ్చి, అంబులెన్సులో గుంటూరు తీసుకెళ్ళారు. కొడుకు ఖలీల్ ఆసుపత్రి బయట తన ఆటోలోనే పడుకుంటున్నాడు.

నాకు ఇంకో అలవాటు ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా పది నిమిషాల్లో శ్రద్ధాంజలి కార్డు తయారుచేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఫొటో, కింద పేరు, మూలన మన స్టూడియో నంబరు. నాకంటే ముందు ఎవరైనా పెడితే ఆ పూట అన్నం సహించదు. మనిషి పోయిందన్న బాధకంటే ఫొటో ఎక్కడుందన్న ఆత్రం ముందొచ్చేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు ఆసుపత్రి దగ్గరున్న మన ఊరతను ఒకడు ఫోన్ చేశాడు, సర్దార్‌బీ పోయిందని. ఖలీల్‌ను అడగాలని తోచలేదు నాకు. ఖలీల్ పెళ్ళి ఫొటోల్లోంచి ఆవిడను కత్తిరించాను. హిందువుల కార్డు మీద దీపాలు తీసేసి గులాబీ పెట్టాను, ఆపాటి తెలివి ఉంది. ఎనిమిదీ నలభైకల్లా గ్రూపులో పెట్టేశాను.

తొమ్మిదింటికి ఖలీల్ ఫోన్. “అన్నా, ఎవడు చెప్పాడన్నా నీకు? అమ్మ శుభ్రంగా ఉంది. ఇప్పుడే రెండిడ్లీ తిందంట. పోయింది పక్క మంచం ఆవిడ. ముందా కార్డు తీసెయ్యన్నా, చుట్టాలంతా ఫోన్లు చేస్తున్నారు!”

నాలిక్కరుచుకుని కార్డు తీసేశాను. గ్రూపులో “పొరపాటు, క్షమించండి” అని పెట్టాను. అక్కడితో అయిపోవాల్సింది.

పది దాటాక కంప్యూటరులో వీడియో కాల్ మోగింది. సంతోషమ్మ. మా ఆవిడ ఫోన్ కదా, ఊరి గ్రూపు అందులోనే ఉంది. నేను తీసేసేలోపే పక్కింటివాళ్ళు అందులో కార్డు చూసి చెప్పారు. తర్వాత పెట్టిన పొరపాటు ముక్క ఎవరూ చెప్పలేదు. జుట్టు విరబోసుకుని ఉంది. మొహం మొహంలా లేదు.

“బాబూ, నా సర్దారు పోయింది. బొంగులు దాటి పోనియ్యడంలేదు పోలీసోళ్ళు. కాళ్ళు పట్టుకున్నా వినలా. నేను మాటిచ్చాను బాబూ దానికి. నాకు తెలిసిందల్లా ఈ నీ బొమ్మ నొక్కడమే. నన్ను దాని దగ్గరికి చూపించు. ఏడవాలి నేను.”

చెప్పేద్దామని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. “పిచ్చిదానా, అది ఇడ్లీ తిన్నది” అంటే సరిపోయేది. ఆ మొహం తెర మీద నిండుగా ఉంది. కిటికీ వెలుతురు ఒక చెంప మీద పడుతోంది. మూడు రోజులు మేం చచ్చీ చెడీ అడిగినా రానిది ఇప్పుడు గొంతులో ఉంది. నా చెయ్యి రికార్డు బటన్ మీదికి పోయింది.

అంతటితో ఆగానా? లేదు. “కలుపుతున్నా సంతోషమ్మా. ఖలీల్ వింటాడు. ఏడువు” అన్నాను. పైగా, తీసేసిన ఆ కార్డే మళ్ళీ తెరిచి, ఆవిడకు ఎదురుగా కనపడేట్టు పెట్టాను. గులాబీతో సహా.

ఆవిడ ఫోన్ను డబ్బాకు ఆనించి, కింద కూర్చుని, కొంగు నడుముకు చుట్టుకుంది.

“ఓ సర్దారో, నా తోటిదానా, ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చున్నదానా, నీ చోట్లో ఇక ఎవర్ని కూర్చోబెట్టుకోనే... నోటికి గుడ్డ కట్టుకుని నవ్వితే నీ కళ్ళే నవ్వేయి గదే... నా చేతులు మంటలెత్తి నేనేడుస్తుంటే, గుమస్తా మజ్జిగ కుండలో నా చేతులు ముంచి, ఏమీ ఎరగనట్టు ఆ మజ్జిగే వాడికి పోశావు గదే... నా దాసు పోయిన నాడు నా పిల్లకి నువ్వే తల దువ్వావు గదే... మావాళ్ళు ఏడవద్దంటారు, నువ్వొచ్చి ఏడవ్వే అన్నావు గదే... వచ్చాను గదే, బొంగులడ్డమేస్తే ఫోన్లోంచి వచ్చాను గదే...”

పదకొండు నిమిషాలు. నేను ఏడిచాను. అదీ చెప్పాలి. ఏడుస్తూనే శబ్దం సరిగా వస్తోందా లేదా అని చూసుకున్నాను.

ఆవిడ సొమ్మసిల్లినట్టు గోడకు వాలింది. నేను కాల్ పెట్టేసి, అరగంట ఆగి, మళ్ళీ చేశాను. “సంతోషమ్మా, ఇప్పుడే తెలిసింది, పొరపాటంట. బతికే ఉందంట!” అన్నాను. ‘ఇప్పుడే’ అన్నాను. అప్పుడావిడ నవ్విన నవ్వు! గుండె బాదుకుంటూ, “ప్రభువా, ప్రభువా” అంటూ నవ్వింది. “నీ నోరు చల్లగుండ బాబూ. చచ్చిందని ఏడిస్తే ఆయుష్షు పెరుగుద్దంటారు. నూరేళ్ళు బతుకుద్ది ముండ!” ఆ ఏడుపు సినిమాలో పెట్టుకుంటానంటే, “పెట్టుకో నాయనా, నాకేం” అంది. చైతన్యకృష్ణ ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు. సాయంత్రానికి తల్లీ కొడుకుల కథ కాస్తా ఇద్దరు స్నేహితురాళ్ళ కథ అయింది.

పద్నాలుగు రోజులకు సర్దార్‌బీ ఇంటికొచ్చింది. మరుసటి సంక్రాంతి దాటాక సినిమా ఫోన్లలోకి వచ్చింది. ఇద్దరినీ స్టూడియోకు పిలిచి పెద్ద తెర మీద చూపించాను. సర్దార్‌బీ పగలబడి నవ్వింది. “ఒసేవ్, మజ్జిగ సంగతి రాష్ట్రమంతా చెప్పేశావు గదే! ఆ గుమస్తా బతికే ఉన్నాడు!” అని వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, “ఏమైనా నా అదృష్టం. నా ఏడుపు నేనే విన్నాను” అంది. సంతోషమ్మ గర్వంగా నావైపు చూసింది. నేను ఏదో వైరు సర్దుతున్నట్టు వంగాను.

సినిమాకు మంచి పేరొచ్చింది. చివర్లో ‘సంతోషకుమారి గారు’ అని వేశారు. ఆవిడకు ‘గారు’ తగిలించింది ఆ తెర ఒక్కటే. నన్ను గుంటూరులో ఒక సంస్థవాళ్ళు పిలిచి శాలువా కప్పారు. “ఆవిడ చేత అంత సహజంగా ఎలా నటింపజేశారండీ?” అని అడిగారు. “మూడు రోజులు రిహార్సల్ చేయించానండీ” అన్నాను. సిగ్గు లేకపోతే సరి. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది. తలుపు తీసినప్పుడల్లా దాని మీద ఇంకేదైనా బట్ట కప్పుతాను.

నాలుగేళ్ళు గడిచాయి. పోయిన మాఘంలో, కల్లంలో పని చేస్తూ చేస్తూ సర్దార్‌బీ పక్కకు ఒరిగింది. సంతోషమ్మ ఒళ్ళోనే. గుండెపోటు. ఈసారి నిజం.

వాకిట్లో జనం. సంతోషమ్మ వస్తుంటే దారి ఇచ్చారు. మసీదు పెద్దాయన కూడా ఏమీ అనకుండా బయటికి నడిచాడు. ఆ ఒప్పందం ఆయనకూ తెలుసు. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగు నడుముకు చుట్టుకుంది. “ఓ సర్దారో, నా తోటిదానా” అని ఎత్తుకుంది.

వెనక ఆడపిల్లలు ఇద్దరు గుసగుసగా, “ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చున్నదానా” అని ముందే అందించారు. వెక్కిరింత కాదు. సినిమా పదిసార్లు చూశారు, నోటికొచ్చు. ఇంకో మూల నుంచి, “ఇప్పుడు మజ్జిగది చెబుద్ది” అన్నారెవరో. నాలుగు ఫోన్లు పైకి లేచాయి.

సంతోషమ్మ ఆగింది. ఆ ఫోన్లను చూసింది. మళ్ళీ నోరు తెరిచింది. మాట రాలేదు. నోరు తెరిచే ఉంది, గొంతు ఆడుతోంది, మాట లేదు. ఇంత బతుకులో ఆవిడ చావింట్లో తడబడటం నేను చూడలేదు. కాసేపటికి కొంగు విప్పి, తల మీద కప్పుకుని, గోడవైపు తిరిగింది. సర్దార్‌బీ ఏడుపు లేకుండానే వెళ్ళిపోయింది.

మగవాళ్ళం ఖననం చేసి వచ్చేసరికి ఆవిడ అలాగే అరుగు మీద కూర్చుని ఉంది. “మాట తప్పాను. దానికిచ్చిన మాట తప్పాను” అని తనలో తను అనుకుంటోంది. ఖలీల్ మంచివాడు. పక్కన కూర్చుని ఓదార్చాడు. “బాధపడకు సంతోషమ్మా. అప్పుడు సినిమాలో ఏడిచావుగా, అమ్మ ఎంత సంబరపడిందో. అమ్మ ఇడ్లీ తింటుందని నేను అన్నకి చెప్పాక తీశారుగా అది. బతికున్న మనిషి మీద అంత బాగా ఎట్టా నటించావా అనుకునేవాణ్ణి.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

“ఎప్పుడు చెప్పావు అన్నకి?” అంది సంతోషమ్మ.

“తొమ్మిదింటికి.”

“నేను ఏడిచింది పది దాటాక.” నావైపు తిరిగింది. “నీకు తెలుసా బాబూ?”

“తెలుసు” అన్నాను. ఆ ఒక్క మాట నిజం చెప్పాను. ఖలీల్ నా మొహం చూసి, అర్థమయ్యి, లేచి లోపలికి పోయాడు. సంతోషమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. చెంప మీద కొట్టినా పడేవాణ్ణి. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా ఊళ్ళో చావులకు వచ్చేది. కూర్చునేది. ఏడిచేది కూడా. గొంతు మళ్ళీ వచ్చింది, దేవుడి దయ. కాకపోతే ముందు అందరి చేతా ఫోన్లు లోపల పెట్టించేది. నేను కార్డులు చేయడం మానేశాను. ఎందుకు మానేశావని అడిగితే కళ్ళు లాగుతున్నాయని చెప్పాను.

మొన్న శ్రావణంలో మా అమ్మ పోయింది. ఎనభై రెండేళ్ళు. సంతోషమ్మ వచ్చింది. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను నా ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ కళ్ళముందే పెట్టెలో పెట్టి మూత వేశాను. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆవిడ కొంగు చుట్టుకోలేదు. అమ్మ పాదాలు నిమురుతూ ఊరుకుంది. నేను ఉండబట్టలేక వంగి, “ఏడవండి సంతోషమ్మా. మిమ్మల్ని నాలుగు ముక్కలు ఎక్కువ ఏడవమంది. గోంగూర పచ్చడి సంగతైనా చెప్పండి” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆవిడను ‘అండి’ అనడం అదే మొదలు.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, నాకొక్కడికే వినపడేట్టు చెప్పింది. “ఈ ఇంట్లో నేను నోరు తెరిస్తే మీ అమ్మ సంగతి రాదు బాబూ, నీ సంగతే వస్తది. పెద్దామె, చెవులు ఇంకా ఇంట్లోనే ఉంటాయి. ఆమెని వినకుండా పోనియ్యి.”

కొంగుతో అమ్మ పాదాలు తుడిచి, లేచి వెళ్ళిపోయింది. మా అమ్మను ఎవరూ ఏడవకుండానే ఎత్తారు.